ఎడమచేతి సంతకం

మార్చి 4

లాయరు ఆఫీసులో వీలునామా చదివారు. ఇవాళ ఇంతకంటే రాయలేను.

మార్చి 5

పెద్దది బడికి వెళ్ళింది. చిన్నది నిద్రపోతోంది. రాస్తే గానీ ఊపిరి ఆడేలా లేదు.

మా అమ్మాయి పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. దాన్ని ఆసుపత్రిలో చేర్చినప్పుడే నా ఒంటిగదికి తాళం పెట్టి, ఒక్క పెట్టెతో ఇక్కడికి, దాని ఇంటికి వచ్చేశాను. అప్పటినుంచీ పిల్లలు నా చేతుల మీదే ఉన్నారు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు. చిన్నదానికి మూడు నిండాయి, ఒక్కచోట నిలవదు కాబట్టి పిచ్చుక అంటాం. పిచ్చుక కడుపులో ఉండగానే వాళ్ళ నాన్న పోయాడు. ఇక నేను కాక వాళ్ళకి ఎవరున్నారు? నిన్న బస్సులో పక్క సీటావిడతో కూడా ఈ మాటే అన్నాను.

ఉన్నారట.

లాయరు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఇల్లు పిల్లలిద్దరి పేరు మీద. దాన్ని అద్దెకిచ్చి, వచ్చే అద్దెతో చదివించాలి. ఇంతవరకూ తలూపుతూనే విన్నాను. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల సంరక్షణ ఎవరిదంటే, రక్తపరీక్షల ల్యాబులో మా దానితో పాటు పనిచేసే అమ్మాయిది. పిల్లలు ఆమె ఇంట్లోనే పెరగాలి. ఆ తర్వాత నా గురించి ఒక వాక్యం ఉంది.

"మా అమ్మ పిల్లల్ని ఎప్పుడు చూడాలన్నా చూడవచ్చు, కానీ పగలైనా రాత్రైనా వాళ్ళని ఆమె ఒక్కతె దగ్గర వదలకూడదు."

ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి లాయరు గొంతు తగ్గించాడు. నాకు మోకాళ్ళు పోయాయి గానీ చెవులు బాగానే పనిచేస్తాయి.

అడుగున సాక్షి సంతకాలు రెండు. ఒకటి ఎదురింటి మాస్టారిది. రెండోది నాది.

ఇరవై నాలుగేళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దాను. ఒక కామా తప్పిపోతే పేజీ వెనక్కి పంపినదాన్ని. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఈ ఒక్క కాగితం మాత్రం చదవకుండా సంతకం పెట్టాను. అమ్మాయి కాగితం పైభాగం మీద దుప్పటి అంచు కప్పి, "ఇక్కడ పెట్టమ్మా" అంది. ఇంటి కాగితం ఏదో అయ్యుంటుందనుకున్నాను. నేను చూస్తున్నది దాని ముఖాన్ని, కాగితాన్ని కాదు.

మార్చి 6

మందుల మత్తులో రాయించి ఉంటుంది. లేదా ఆ ల్యాబమ్మాయే పక్కన కూర్చుని చెప్పి రాయించి ఉంటుంది. నా కూతురు ఇలాంటి మాట రాసే మనిషి కాదు.

మార్చి 8

లాయరు మళ్ళీ పిలిపించాడు.

"ఒక చిక్కుందమ్మా. ఈ సంతకం మీ అమ్మాయి బ్యాంకు సంతకంతో కలవట్లేదు. కోర్టువాళ్ళు ఒప్పుకోరు."

"ఎడమచేత్తో పెట్టింది. కుడిచేతికి సూది ఉంది."

"అదే. ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళు ఇద్దరు. మాస్టారు జనవరిలో పోయారు. ఇక మీరే. నా కళ్ళముందే పెట్టిందని మీరు కోర్టులో చెబితే వీలునామా నిలుస్తుంది. గుర్తు లేదంటే నిలవదు."

"నిలవకపోతే పిల్లలు ఎవరికి?"

ఆయన పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. "దగ్గరి బంధువు మీరే కదమ్మా."

ఫైలు మూసి, "నేను మీ అమ్మాయి తరఫు లాయర్ని. మీరేం చెప్పాలో నేను చెప్పకూడదు" అన్నాడు. మంచివాడే. మెట్లు దిగేదాకా చెయ్యి పట్టుకుని దింపాడు.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో గుర్తు లేదంటే తప్పు పట్టేవాళ్ళెవరు?

మార్చి 9

గుర్తు లేదు.

మార్చి 11

పిచ్చుకకి స్నానం చేయిస్తుంటే, "అమ్మమ్మా, అమ్మకి ల్యాబులో ఎన్ని రోజులు పని?" అని అడిగింది. సబ్బు కళ్ళలో పడుతుంది, మాట్లాడకన్నాను. నా కళ్ళలోనే పడింది.

పెద్దది ఏమీ అడగదు. దాని తెలుగు నోటుపుస్తకం తీసి చూశాను. అక్షరాలు గుండ్రంగా, వాళ్ళమ్మవిలాగే ఉన్నాయి. రెండు తప్పులు కనిపిస్తే ఎర్ర పెన్సిలు తీశాను. అది నా చేతిలోంచి పుస్తకం మెల్లగా లాక్కుని, "టీచరు దిద్దుతారులే అమ్మమ్మా" అంది. పిల్లకి ఇంత మర్యాద ఎవరు నేర్పారో. మర్యాదగా దూరం పెట్టడం అంటే ఏమిటో ఈ ఎనిమిదేళ్ళదాన్ని చూసి తెలుసుకోవాలి.

ఈ ఇంట్లో లోపలి గదులకి గడియల్లేవు. ఇల్లు కొన్న కొత్తలోనే వడ్రంగిని పిలిచి అన్నీ పీకించింది. స్నానాలగదికి కూడా ఒక కొక్కెమే, అదీ పిల్లకి అందేంత కింద. "ఇదేం పిచ్చే నీకు, దొంగలొస్తే?" అన్నాను అప్పట్లో. "లోపలి తలుపులే కదమ్మా" అని నవ్వింది.

చిన్నప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళిన మాట నిజమే. ఒకటి రెండుసార్లు.

మార్చి 14

ల్యాబమ్మాయి వచ్చింది. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, చేతులు మందు వాసన వేస్తున్నాయి. అమ్మాయి ఒంటిమీదా ఇదే వాసన ఉండేది. పిల్లలిద్దరూ "పిన్నీ" అంటూ ఎగిరి మీద పడ్డారు. పెద్దది కూడా. ఆ పిల్ల అలా పరిగెత్తగలదని నాకు తెలియదు.

టీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ముప్పై ఆరేళ్ళుంటాయి. మొగుడు బస్సు డ్రైవరు. పిల్లల్లేరు.

"నేను అడగలేదమ్మా. వద్దనే అన్నాను, రెండుసార్లు. అమ్మ ఉంది కదా, ఆవిడ బాధపడతారని చెప్పాను."

"ఏమంది?"

"అమ్మ బాధపడుతుంది, తెలుసు అంది."

"ఎందుకలా రాసిందో చెప్పిందా?"

"చెప్పింది."

"ఏం చెప్పింది?"

ఆ అమ్మాయి టీ గ్లాసులోకి చూస్తూ, "మీకు తెలుసు కదమ్మా" అంది.

నాకేమీ తెలియదన్నాను. గట్టిగానే అన్నాను. ముందు గదిలో పిల్లల మాటలు ఆగిపోయాయి.

వెళ్ళేటప్పుడు, కోర్టు పనులున్న రోజుల్లో పిల్లల్ని తను చూసుకుంటానంది. అక్కర్లేదన్నాను. నా మనవరాళ్ళని చూసుకోవడం నాకు తెలియదా.

మార్చి 17

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. తాళం సంగతి సరిగా రాయాలి.

మా ఆయన పోయేటప్పటికి దానికి ఆరేళ్ళు. పత్రికలో పగటి పని మగవాళ్ళది, నాకు ఇచ్చింది సాయంత్రం షిఫ్టు. అయిదింటి నుంచి పేజీలు అయ్యేదాకా. చుట్టాలు ఆదుకుంటామన్నారు, పలకరింపులతో సరిపెట్టారు. మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. బడి నుంచి రాగానే దానికి తిండి పెట్టి, హోంవర్కు ముందు పెట్టి, బయట తాళం వేసి వెళ్ళేదాన్ని. వీధిలో తిరగదు, ఎవరూ లోపలికి రాలేరు. అంతకంటే భద్రంగా ఆడపిల్లని ఏ తల్లి పెట్టగలదు? దానికి పదమూడేళ్ళు వచ్చేదాకా అలాగే.

అంటే ఏడేళ్ళు. ఒకటి రెండుసార్లని పైన రాశాను. దిద్దను, ఉండనీ.

ఏమీ జరగలేదు. చక్కగా చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, ఇల్లు కొనుక్కుంది. నేను చేసిన పనికి ఏమీ జరగలేదు, ఒక్కరోజు తప్ప.

మార్చి 21

పిల్లలిద్దరినీ పడుకోబెట్టి రాస్తున్నాను.

ఇవాళ కోర్టులో నన్ను సాక్షిగా నమోదు చేయించే పని. పది నిమిషాల పని, ఒక సంతకం, అంతే అన్నాడు లాయరు. పెద్దదానికి బడి సెలవు. పిచ్చుకని చంకనేసుకుని, దీన్ని చేత్తో పట్టుకుని రెండు బస్సులు మారి ఎలా వెళ్ళను? బల్ల మీద బ్రెడ్డు, పాలు పెట్టాను. "గంటలో వచ్చేస్తాను, చెల్లిని చూసుకో" అన్నాను. పెద్దది నా చేతిలో తాళంకప్ప చూసింది. చెల్లి చెయ్యి పట్టుకుంది.

బయట తాళం వేశాను.

కోర్టు గుమ్మం మీద న్యాయస్థానం అన్న బోర్డులో మొదటి అక్షరం కింది వత్తు రాలిపోయి 'నాయస్థానం' అయింది. అది చూసి నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. గుమాస్తా భోజనానికి వెళ్ళాడు. వచ్చాక ఫైలు కనపడలేదు. కనపడ్డాక స్టాంపు వేసే ఆయన లేడు. ల్యాబమ్మాయికి ఒక్క ఫోను చేస్తే పరిగెత్తి వెళ్ళి పిల్లల్ని చూసేది. ఫోను చేతిలోనే ఉంది. చెయ్యలేదు. పదింటికి వెళ్ళినదాన్ని రెండున్నరకి ఇల్లు చేరాను.

తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. వెనక పెద్దది కూర్చుని ఉంది, వీపు తలుపుకి ఆనించి. దాని ఒళ్ళో పిచ్చుక నిద్రపోతోంది, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా అయింది. నేల మీద తడి. బ్రెడ్డు ముట్టుకోలేదు. పెద్దదాని పెదవులు కదులుతున్నాయి. నన్ను చూశాక కూడా కాసేపు కదిలాయి, ఎక్కడో ఆపాలి కాబట్టి ఆపినట్టు ఆగాయి.

"ఏమిటే చదువుతున్నావు?"

"లెక్కపెడుతున్నా. అమ్మ నేర్పింది. తలుపుకి తాళం వేసుంటే అరవకూడదు, నీరసం వస్తుంది. తలుపుకి ఆనుకుని కూర్చుని వెయ్యిదాకా లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే మళ్ళీ ఒకటి నుంచి."

"ఎప్పుడు నేర్పింది?"

"ఆసుపత్రికి వెళ్ళేముందు. అమ్మమ్మ తాళం వేసుకుని వెళ్తే ఇలా చెయ్యమంది. అమ్మ చిన్నప్పుడు ఇలాగే చేసేదంట." నా ముఖం చూసి, నన్ను ఊరడించడానికన్నట్టు, "పదకొండుసార్లే అయింది అమ్మమ్మా" అంది.

మార్చి 22

ఆ ఒక్కరోజు.

దానికి తొమ్మిదేళ్ళు. సాయంత్రం ఏడు దాటి ఉంటుంది. కింది వాటా ఆయన సైకిలు మీద ప్రెస్సుకి వచ్చాడు. "మీ పాప తలుపు బాదుతోందండీ. ఒళ్ళు కాలిపోతోంది అంటోంది. మీరన్నా రండి, తాళంచెవి అన్నా ఇవ్వండి."

నా ముందు మొదటి పేజీ ఉంది. అంతకు ముందు వారమే నా చేతిలో ఒక పేరు తప్పు పడింది. ఎడిటరు అందరి ముందూ కడిగేశాడు, ఇంకొక్కటి పడితే ఇంటికి పొమ్మన్నాడు. "పేజీలో రెండు కాలమ్‌లే ఉన్నాయి, వచ్చేస్తున్నానని చెప్పండి" అన్నాను. తాళంచెవి నా నడుముకే ఉంది. ఇవ్వలేదు. ఆడపిల్ల ఒంటరిగా ఉన్న ఇంటి తాళం పరాయివాడి చేతికి ఎలా ఇస్తానని అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే చెప్పుకున్నాను.

అబద్ధం. ఆయన పిల్లలు మా దానితో ఆడుకునేవాళ్ళు. ఆయన భార్య నాకు కూర గిన్నె పంపేది. తాళంచెవి తీసి ఇవ్వాలంటే పేజీ మీంచి కళ్ళు ఎత్తాలి. ఎత్తలేదు. అంతే.

రెండు కాలమ్‌లు అయ్యాక ఇంకో రెండు వచ్చాయి. గంటంబావు పట్టింది.

నేను వెళ్ళేసరికి తలుపు బాదడం ఆగిపోయింది. తాళం తీసి లాగగానే అది నా కాళ్ళ మీదికి ఒరిగింది. జ్వరం నెత్తికెక్కి ఫిట్సు వచ్చాయి, నాలుక కొరుక్కుంది. కింది వాటా ఆయనే ఎత్తుకుని పరిగెత్తాడు. మర్నాడు ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, నాలుక తిరక్క నత్తినత్తిగా, "పేజీ అయిపోయిందా అమ్మా?" అని అడిగింది. తలుపు అవతల నుంచి ఆయన చెప్పాడట, మీ అమ్మ పేజీ చూసుకుని వస్తుందమ్మా అని.

అయిపోయిందన్నాను. ఆ తర్వాత ఈ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. అది మరిచిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు తాళం వేశాను.

మార్చి 23

ల్యాబమ్మాయికి ఫోను చేసి, ఇరవై ఎనిమిదిన నాకు కోర్టు వాయిదా ఉంది, పిల్లల్ని చూసుకోమని అడిగాను. ఎందుకని అడగలేదు. "పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానమ్మా" అంది.

మార్చి 28

జడ్జి ఆడమనిషి, నా కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. గది చిన్నది. ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీద కాగితాలు లేస్తుంటే టైపిస్టు మోచేత్తో అదిమిపెడుతున్నాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నా కూతురిది."

"బ్యాంకు సంతకంలా లేదు."

"ఎడమచేత్తో పెట్టింది. కుడిచేతికి సూది ఉంది. పెన్ను నేనే అందించాను. మొదటి అక్షరం దగ్గర జారితే దుప్పటికి సిరా అంటింది. నా కళ్ళతో చూశాను."

"అప్పుడు స్పృహలోనే ఉందా? మందుల మత్తు అలాంటిదేమైనా?"

"నాకంటే తెలివిగా ఉంది."

"సంతకం పెట్టేముందు మీరు చదివారా?"

"లేదు."

"చదివుంటే?"

"పెట్టేదాన్ని కాదు. అది తెలిసే కప్పిపెట్టింది."

జడ్జి తలెత్తి చూసింది. లాయరు కిందికి చూస్తున్నాడు. ఆమె కాగితం మళ్ళీ మొదటి నుంచి చదువుకుని, "మీ గురించి రాసిన వాక్యం చూశాను. దాని మీద మీకేదైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. మీ వైపు కూడా వింటాను" అంది. మెత్తగానే అంది. ఒక్క మాట చాలు అని నాకు అర్థమైంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ వాక్యంలో తప్పు లేదండీ."

"ఎందుకు రాసిందో తెలుసా మీకు?"

"తెలుసు."

చెప్పమని ఆమె అడగలేదు. నేనే చెప్పాను. మొదటి పేజీ, రెండు కాలమ్‌లు, నడుముకున్న తాళంచెవి. మొన్న శుక్రవారం సంగతి కూడా. చెబుతుంటే మధ్యలో టైపు చప్పుడు ఆగిపోయింది. జడ్జి, "ఇది రాయనక్కర్లేదు" అంది టైపిస్టుతో.

బయటికి వచ్చాక లాయరు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. మూత తీయలేకపోతే ఆయనే తీసి ఇచ్చాడు.

ఏప్రిల్ 10

వీలునామా నిలిచింది. అందులో రాసింది రాసినట్టుగా జరపాలని ఉత్తర్వు.

ఏప్రిల్ 14

పిల్లల్ని పంపించాను.

బట్టలు మడతపెట్టడం మూడు రోజుల నుంచీ చేస్తూనే ఉన్నాను. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడిచాను. పిచ్చుకకి ఏ పక్కకి తిప్పి పడుకోబెడితే నిద్రపడుతుందో, పెద్దది ఏ మందు మింగలేదో ఒక కాగితం మీద రాశాను. ల్యాబమ్మాయి దాన్ని చదివి మడిచి పర్సులో పెట్టుకుంది. అందులో సగం ఆ అమ్మాయికి నాకంటే ముందే తెలుసు. ఆ మాట అనలేదు.

ఆ అమ్మాయి మొగుడు సామాను మోసి ఆటోలో పెట్టాడు. పిచ్చుకకి ఆటో ఎక్కడమంటే పండగ, వెనక్కి కూడా చూడలేదు. పెద్దది మాత్రం గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు రావా అమ్మమ్మా?"

"ఆదివారం వస్తాను."

"ఒక్కదానివే ఉంటావా?"

"ఉంటాను. అలవాటే."

అది చేతిలో సంచీ కింద పెట్టింది. తర్వాత నా నడుము చుట్టూ చేతులు వేసి తల ఆనించింది. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ తనంతట తాను నన్ను ముట్టుకోవడం అదే. నా చేతులు దాని వీపు మీద వెయ్యాలా వద్దా అని తేల్చుకునేలోగానే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 15

పడుకున్నాను. లేచాను.

ఏప్రిల్ 20

మొదటి ఆదివారం. మూడో అంతస్తులో వాళ్ళ ఇల్లు. రెండు గంటలు కూర్చున్నాను. పిచ్చుక ఒళ్ళో ఎక్కి దిగి ఎక్కి దిగి నా చీరంతా నలిపింది. ల్యాబమ్మాయి అదే గదిలో కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉంది. ఇస్త్రీ అయ్యాక కూడా లేవలేదు.

ఏప్రిల్ 30

ఇల్లు అద్దెకి ఇచ్చాం. తాళాలు లాయరు చేతికిచ్చి నా గదికి వచ్చేశాను. కిటికీ తెరిస్తే ఎదురు గోడ కనిపిస్తుంది. అమ్మాయి ఫోటో ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా పెట్టెలోనే ఉంచాను. ఎక్కడ పెట్టినా నన్నే చూస్తుంది.

ఆ మాట రాసేముందు నువ్వు నన్ను అడిగి ఉంటే, అని రాయబోయి ఆగాను. ఏమని అడుగుతుంది.

మే 4

ఇవాళ ఆదివారం. ల్యాబమ్మాయి మొగుడు డ్యూటీలో ఉన్నాడు. ల్యాబమ్మాయి, నేను, పిల్లలు. పెద్దది తన కొత్త తెలుగు పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. ఎర్ర పెన్సిలు కూడా తనే తెచ్చింది. ఒక్క తప్పు చూపించాను, మిగతావి వదిలేశాను.

పిచ్చుక పాలు కావాలని మొదలుపెట్టింది. ఇంట్లో పాలు అయిపోయాయి. దుకాణం కిందే, వీధి దాటితే. ల్యాబమ్మాయి సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పెద్దదాన్ని చూసింది, నన్ను చూసింది.

"అయిదు నిమిషాల్లో వచ్చేస్తానమ్మా. మీరున్నారు కదా" అంది. నిజంగానే అంది, నన్ను పరీక్షించడానికి కాదు. ఆ అమ్మాయికి అలాంటివి రావు.

అయిదు నిమిషాలు. తలుపు తెరిచే ఉంటుంది. ఒకటి ఒళ్ళో, ఒకటి పక్కన. ఎన్నాళ్ళయింది.

"వద్దులేమ్మా, నేను తెస్తాను. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి, కాస్త నడిస్తే మంచిది" అని లేచాను.

"మూడంతస్తులమ్మా."

"దిగడమే కదా, ఎక్కేటప్పుడు చూద్దాం."

సంచీ తీసుకున్నాను. పిచ్చుక నా వెంట వస్తానని చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఏడుపు లంకించుకుంది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఎత్తి, పిన్ని చేతుల్లో పెట్టాను. అది నా వైపు చేతులు చాపి ఏడుస్తూనే ఉంది. నేను మెట్లు దిగుతూనే ఉన్నాను. రెండో అంతస్తు దగ్గర ఏడుపు కొంచెం తగ్గింది. వీధిలోకి వచ్చేసరికి వినపడలేదు.

దుకాణం ఆయన, "ఏం కావాలమ్మా?" అన్నాడు. కళ్ళెత్తి మూడో అంతస్తు వైపు చూశాను. ఆయన ఇంకొకరికి ఇచ్చి పంపి, మళ్ళీ నా వైపు తిరిగి, తొందరేం లేదన్నట్టు నిలబడ్డాడు.

"పాలు" అన్నాను. "చిన్నపిల్లకి."